రఫూవాడి చెల్లెలు

మా చెల్లెలిని ఇంట్లో అందరం చీమ అనే పిలిచేవాళ్ళం. నాన్న పెట్టిన పేరు. ఏ పని చేతికిచ్చినా కొంచెం కొంచెంగా, ఎవరితోనూ మాట్లాడకుండా, అయ్యేదాకా లేవకుండా చేసేది. దుకాణానికి వచ్చేవాళ్ళు కాస్త మర్యాద కలిపి చీమమ్మ అనేవారు. "ఈ కోటును మీరు కుట్టారా, చీమ కుట్టిందా?" అని నన్నడిగి వాళ్ళే నవ్వుకునేవారు. ఆ హాస్యం పద్నాలుగేళ్ళు విన్నాను. నాకు మొదటిసారి కూడా నవ్వు రాలేదు. చెల్లెలు మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేది.

మాది రఫూ దుకాణం. రఫూ అంటే తెలియనివాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు కాబట్టి చెబుతున్నాను. మేకు తగిలి చిరిగిన కోటు, సిగరెట్ నిప్పు పడి కాలిన ప్యాంటు, పురుగు కొట్టిన శాలువా, ఇలాంటివి మా దగ్గరికి వస్తాయి. మేం మాసిక వెయ్యం. చిల్లు ఉన్న చోట ఆ బట్టను మళ్ళీ నేస్తాం. దారం కూడా బయట కొనం. ఆ బట్టలోనే ఎవరికీ కనపడని లోపలి మడతలోంచి పోగులు లాగి, సూదితో పడుగులోకి పేకను ఒక్కొక్కటే దూర్చుకుంటూ పోతాం. పైన తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాక, చిరుగు ఎక్కడుండేదో తెచ్చినవాడికే తెలియకూడదు. "ఎక్కడ కుట్టామో చూపిస్తే కూలి ఇవ్వనక్కర్లేదు" అని నాన్న గోడ మీద బోర్డు రాయించాడు. ఆయన బతికుండగా ముగ్గురు చూపించారు. ఆ ముగ్గురినీ ఆయన చివరిదాకా మర్చిపోలేదు. భోజనం దగ్గర తలచుకుని మరీ తిట్టేవాడు.

దుకాణం రెండు కుర్చీలంత వెడల్పు. ఒక పక్క గడియారాలు బాగుచేసేవాడు, ఇంకో పక్క మందుల షాపు. వీధివైపు పెద్ద కిటికీ. కిటికీ పక్క కుర్చీ నాన్నది, లోపలిది నాది. చీమ పన్నెండో ఏట నుంచీ మా ఇద్దరి మధ్య పీట వేసుకుని నేర్చుకుంది. నాన్న పోయాక నేను కిటికీ పక్కకు జరిగాను, చీమ నా కుర్చీలోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాణ్ణి కదా, వెలుతురు నాకు. కళ్ళు మాత్రం ఆమెవే మంచివి, చెయ్యి కూడా ఆమెదే మంచిది. నాకిది తెలుసు. తెలిసీ కుర్చీ మారలేదు.

నా కోరిక చాలా చిన్నదని అనుకునేవాణ్ణి. దుకాణం పెంచాలని, మేడలు కట్టాలని నాకు ఎప్పుడూ లేదు. ఆ రెండు కుర్చీలూ ఖాళీ కాకుండా ఉంటే చాలు. నాన్న నేర్పిన పని నేనూ నా చెల్లెలూ పక్కపక్కనే కూర్చుని ముసలివాళ్ళమయ్యేదాకా చేసుకోవాలి, అంతే. ఎదుటి మనిషి జీవితం మొత్తాన్నీ అడిగే కోరిక చిన్నదెలా అవుతుందని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

చీమకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒకావిడ ఊలు కోటు తెచ్చింది. భుజం మీద మూడు చిల్లులు. చీమ నాలుగు రోజులు కూర్చుని చేసింది. ఆవిడ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది, కోటును గుమ్మంలోకి పట్టుకెళ్ళి ఎండలో చూసింది, చివరికి ఓడిపోయి కూలి ఇచ్చింది. ఇచ్చాక వెళ్ళకుండా చీమ ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఆవిడ మ్యూజియంలో అధికారి అట. అక్కడ రెండు వందల ఏళ్ళనాటి శాలువాలూ తెరలూ తివాచీలూ ఉన్నాయట, వాటిని బాగుచేసే గదిలో ఒక ఉద్యోగం ఖాళీ ఉందట.

"నువ్వు అర్జీ పెట్టరాదా అమ్మా? ఇలాంటి చెయ్యి నేను చూసి చాలా కాలమైంది," అంది.

ఆ దుకాణం యజమానిని నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆవిడ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అందుకు నాకు ఒళ్ళు మండలేదంటే అబద్ధం.

చీమ నాకు చెప్పకుండానే అర్జీ పెట్టింది. పరీక్షకు ముగ్గురిని పిలుస్తున్నామని మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చిన రోజున గానీ నాకు తెలియలేదు. పరీక్ష ఏమిటంటే, ముగ్గురికీ తలా ఒక పాత శాలువా ముక్క ఇచ్చారు. ముక్క మధ్యలో బొటనవేలంత చిరుగు. పది రోజుల్లో ఇంటి దగ్గర బాగుచేసి తీసుకురావాలి. ముక్కతో పాటు ఎలా చెయ్యాలో రాసిన కాగితం కూడా ఇచ్చారు. చీమ ఆ కాగితాన్ని చదివి నవ్వింది, మళ్ళీ చదివి నవ్వడం మానేసింది, మూడోసారి చదివి నాకిచ్చింది.

శాలువాలోంచి ఒక్క పోగు కూడా లాగకూడదట. వెనక పల్చటి గుడ్డ ఆనించి, చిరుగును దానికి కలిపి కుట్టాలట. దూరం నుంచి చూస్తే చిరుగు కనపడకూడదట. దగ్గరికొచ్చి చూస్తే మాత్రం బాగుచేసిన చోటు తెలిసిపోవాలట. అవసరమైతే రేపు ఇంకొకరు ఆ కుట్టు మొత్తం విప్పేయగలగాలట.

"ఇదేం రఫూ? దీన్ని మాసిక అంటారు," అన్నాను.

"మాసికే. కానీ ఏది పాతదో, ఏది మనం చేసిందో తర్వాత చూసేవాళ్ళకి తెలియాలిగా అన్నయ్యా. లేకపోతే బట్ట గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది."

"అంటే ఇన్నాళ్ళూ మనం అబద్ధాలు అమ్ముకుని బతికామా?"

"నేనలా అనలేదు."

"అన్నావు. నాన్న ఉండుంటే ఈ కాగితాన్ని పొయ్యిలో పెట్టేవాడు."

"నాన్నను మధ్యలోకి తేకు. నీకు ఇష్టం లేదని చెప్పు, వింటాను."

"నాకు ఇష్టం లేదు. చాలా? పని నేర్పిన దుకాణం ఇది. ఏరు దాటి తెప్ప తగలేస్తానంటావా?"

"తగలెయ్యట్లేదు. దిగుతున్నా, అంతే," అంది. చేతిలో ఉన్న కోటు చెయ్యిని బల్ల మీద పరిచింది. "చూడు. పద్నాలుగేళ్ళ నుంచి చిరుగులు మాయం చేస్తున్నా. పని అయిపోయాక ఎక్కడ చేశానో నాకే కనపడదు. ఒక్క చోటైనా, ఇదిగో ఇది నేను చేశాను అని చూపించుకునేలా చెయ్యాలని ఉంది. అది తప్పా?"

తప్పు కాదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు మాత్రం నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "నువ్వు వెళ్ళిపోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను. ఆమె కోటు చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని సూది ఎక్కించుకుంది.

ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల్లేవు. నా భార్య ఓపిక పట్టి పట్టి ఒక పొద్దున నా మీద పడింది. "ఉద్యోగం తనది, ఇష్టం తనది. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అంది. నా దురద నీకేం తెలుసని నేను అరిచాను. అరుపులు నాకు మొదటినుంచీ బాగా వచ్చు.

చీమ ఎనిమిదో రోజుకు పని ముగించింది. సోమవారం ఇవ్వాలి. శనివారం పొద్దున నా భార్య తన పుట్టింటికి వెళ్తూ, ఇంట్లో ఈ మూతి ముడుపులు చూడలేక చీమను కూడా వెంట తీసుకెళ్ళింది. ఇద్దరూ ఆదివారం సాయంత్రానికి వస్తామన్నారు. శాలువా ముక్కను తెల్ల కాగితంలో చుట్టి, పైన సన్నటి నాడా కట్టి, చీమ దాన్ని దుకాణంలో తన అరలో పెట్టి వెళ్ళింది. దాచిపెట్టలేదు, తాళమూ వెయ్యలేదు. అన్నయ్యను చూసి తాళం వేసుకోవాలని ఆమెకు తోచలేదు.

వాళ్ళు బస్సెక్కిన గంటకు నేను నాడా విప్పాను. చూద్దామనే విప్పాను, అంతవరకూ నిజం.

దూరం పట్టి చూస్తే శాలువా నిండుగా ఉంది. దగ్గరికి తెచ్చుకున్నాను. చిరుగు పొడవునా సన్నటి పట్టు దారంతో, శాలువా రంగుకంటే ఒక్క పిసరు లేతగా, వరసలు వరసలుగా కుట్లు. ఒక్కటీ వంకర లేదు. వెనక ఆనించిన గుడ్డ పొరలా ఉంది. కాగితంలో రాసింది రాసినట్టు చేసింది. ఆ పని అందం నాకు అర్థం కాలేదని తప్పించుకోను, అర్థమైంది. మా దుకాణంలో పుట్టని అందం అది. నాన్న నుంచీ రాలేదు, నా నుంచీ రాలేదు. ఆమె ఒక్కతే ఎనిమిది రోజుల్లో ఎక్కడికో వెళ్ళిపోయి అక్కడినుంచి పంపినట్టుంది. నాకు భయమేసింది. ఈ ఉద్యోగం ఆమెకు వచ్చి తీరుతుందని అప్పుడే తెలిసిపోయింది.

ఆ భయానికి నేను మంచి బట్టలు తొడిగాను. మ్యూజియం వాళ్ళకు నిజమైన రఫూ ఎలా ఉంటుందో ఏం తెలుసు, చూస్తే నోరు తెరుస్తారు, చెల్లెలికి మేలే జరుగుతుంది, అనుకున్నాను. పైకి అలా అనుకుంటూ అడుగున ఇంకోటి అనుకున్నాను. ఆ అడుగుదే అసలు సంగతి. షట్టరు సగం దించి, ఆమె కుట్లు తీసేశాను. వెనక గుడ్డ తీసేశాను. శాలువా అంచులోంచి పోగులు లాగి, కిటికీ దగ్గర కూర్చుని, శనివారం వెలుతురు పోయేదాకా, మళ్ళీ ఆదివారం తెల్లవారిన దగ్గర నుంచీ నేశాను. తిండి గుర్తు రాలేదు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ చేసి చేతిలోకి తీసుకుంటే చిరుగు ఎక్కడుండేదో వేలికి కూడా తగల్లేదు. ఆ క్షణాన సంతోషపడ్డాను కూడా. దాన్ని అదే కాగితంలో, అవే మడతల మీద చుట్టి, నాడా ఆమె కట్టినట్టే కట్టి, అరలో పెట్టాను.

సోమవారం చీమ మంచి చీర కట్టుకుని, వదిన దగ్గర గొడుగు తీసుకుని వెళ్ళింది. సాయంత్రం అయిదు కావస్తుండగా దుకాణానికే వచ్చింది. గొడుగు మూల పెట్టి, తన కుర్చీలో కూర్చుంది.

"రాలేదు," అంది.

"ఏమన్నారు?"

"ఎక్కడ కుట్టానో కనపడట్లేదన్నారు. అంచులో పోగులు లాగేసి పాడుచేశానన్నారు. కాగితం చదవలేదా అని అడిగారు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను చేతిలో ఉన్న కోటు కాలరును చూశాను. అడుగుతుందని, అరుస్తుందని, అప్పుడు నేనూ అరుస్తానని, ఆ అరుపుల్లో ఎక్కడో నిజం ఒప్పుకుంటానని ఎదురుచూశాను. ఆమె ఒక చొక్కా తీసుకుని సూది ఎక్కించుకుంది. పక్క షాపులో గడియారాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అయిదు కొట్టాయి. ఇద్దరం పని చేసుకుంటూ కూర్చున్నాం.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను కోరుకున్నట్టే గడిచింది. రెండు కుర్చీలూ నిండుగా ఉన్నాయి. అప్పటికే ఒప్పుకున్న పనులన్నీ చీమ ఒక్కొక్కటే ముగించింది, కొత్తవి తీసుకోలేదు. అది నేను గమనించేసరికి ఆమె ముందర బట్ట అన్నదే లేదు. "బస్సు డిపోలో ఉద్యోగం వచ్చింది అన్నయ్యా. ఒకటో తారీఖు నుంచి," అని చెప్పింది.

డిపోలో, ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన సామాను భద్రపరిచే గది ఒకటుంటుంది. అక్కడ గుమాస్తా. గొడుగులు, చెప్పులు, టిఫిను డబ్బాలు, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు కూడా వచ్చిందట. ప్రతిదానికీ చీటీ కట్టి, ఏ బస్సులో, ఏ సీటు కింద, ఏ రోజున దొరికిందో రాసి పెట్టడం ఆమె పని. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది. అక్కడే ఒక మెకానిక్‌ను పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. మా ఇంటికి వస్తూనే ఉండేది, నా పిల్లలకు మేనత్తగా ఏ లోటూ చెయ్యలేదు. నాతో మంచీ చెడూ మాట్లాడేది. కానీ సూది మళ్ళీ పట్టలేదు. చొక్కా గుండీ ఊడితే మా బావగారే ఆ గ్రీజు చేతులతో కుట్టుకునేవాడు. "ఇంత పనిమంతురాలిని చేసుకుని నాకీ గతి ఏమిటి బావా?" అని నాతో వేళాకోళమాడేవాడు. అందరితో పాటు చీమ కూడా నవ్వేది. నేను మంచినీళ్ళు తాగే మిషతో లేచిపోయేవాణ్ణి.

నా భార్యకు మాత్రం రెండో ఏడు చెప్పేశాను. ఆమె వారం రోజులు అన్నం వడ్డించి అవతలికి వెళ్ళిపోయేది. ఎనిమిదో రోజున, "ఆమెకు చెప్పండి," అంది. చెబుతానన్నాను. ప్రతి ఏడూ అడిగేది, ప్రతి ఏడూ నీళ్ళు నమిలేవాణ్ణి. పిల్ల పెళ్ళి కానీ, బావగారి ఒంట్లో నెమ్మదించనీ, అంటూ సాకులు వెతుక్కునేవాణ్ణి. ఈలోగా చిరిగిన కోటు పారేసి కొత్తది కొనుక్కునే రోజులు వచ్చేశాయి. లోపలి కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఇద్దరు ముగ్గురికి నేర్పబోయాను, నా నోటికి జడిసి నెల తిరక్కుండా పారిపోయారు. తర్వాత నా కుర్చీకీ పని లేకుండా పోయింది.

కిందటేడు దుకాణం మూసేశాను. తాళంచెవి దుకాణం అద్దెకిచ్చినవాళ్ళకు అప్పగించి, నేరుగా డిపోకు నడిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా వెళ్ళాను.

మధ్యాహ్నం పూట, గదిలో చీమ ఒక్కతే ఉంది. జుట్టు నాకంటే ముందే నెరిసింది. నన్ను కూర్చోమని ఒక స్టూలు జరిపి, ఫ్లాస్కులోంచి టీ పోసింది. చుట్టూ అరల్లో పెట్టెలూ సంచులూ, ప్రతిదానికీ ఆమె చేతిరాతతో చీటీ. నేను టీ ముట్టుకోకుండా మొత్తం చెప్పేశాను. శనివారం నాడా విప్పిన దగ్గర నుంచి చెప్పాను. మేలు చేద్దామనుకున్నాననే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. "నువ్వు వెళ్ళిపోకూడదని చేశాను," అన్నాను.

ఆమె ఒక గొడుక్కి చీటీ కడుతోంది. ముడి వేసి, దాన్ని పక్కన పెట్టింది.

"తెలుసు," అంది.

"వాళ్ళు చెప్పాక తెలిసిందా?"

"ముందే తెలుసు. ఆ రోజు మేడమ్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్నా. ఇచ్చేముందు ఒక్కసారి చూసుకుందామని తీశా. నీ చెయ్యని తెలియడానికి ఎంతసేపు? కత్తెర, నా పట్టు దారం, మిగిలిన వెనక గుడ్డ, అన్నీ సంచిలోనే ఉన్నాయి. నీది విప్పేసి, నాది మళ్ళీ కుట్టడానికి టైముంది. నీటుగా రాకపోయినా, అంచులో పోగులు పోయినా, కుట్టు మాత్రం వాళ్ళు అడిగినట్టు వచ్చేది."

"మరి ఎందుకు విప్పలేదు?"

బయట ఏదో బస్సు వెనక్కి వస్తోంది, కండక్టరు ఈల వేస్తున్నాడు.

"మొదటి పోగు కత్తెర మొనతో ఎత్తాను కూడా," అంది. "చాలా బాగా చేశావన్నయ్యా. నాన్న కూడా అలా చేసుండడు. రెండు రోజులు తినకుండా చేసుంటావని దాన్ని చూస్తేనే తెలిసింది. అలాంటి పనిని విప్పడానికి నాకు చెయ్యి రాలేదు."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"క్షమించాననుకోకు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. ఆ పని మీద నాకూ అంత ప్రేమ ఉండబట్టే విప్పలేకపోయా. ఆ ప్రేమే నన్ను అక్కణ్ణుంచి వట్టి చేతులతో పంపింది. మళ్ళీ సూది పడితే ఇంకేం పోగొట్టుకుంటానో అని పట్టలేదు."

కిటికీ దగ్గరికి ఎవరో వచ్చి, పొద్దున బస్సులో సంచి మర్చిపోయానన్నారు. చీమ లేచి, ఏ బస్సో, ఏ సీటో అడుగుతూ రిజిస్టరు తెరిచింది.

నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. ఆ శనివారాన్ని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలచుకున్నా, నేను నేసిన రెండు రోజులే గుర్తొచ్చేవి. అంతకుముందు ఆమె ఎనిమిది రోజుల పనిని తీసేసిన సమయం ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. అప్పుడు లెక్కపెట్టాను. నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. పావుగంట పట్టింది.